కార్డుకు మూడు కిలోల కారు

రేవుకొండలో ఒక ఎర్ర కారు అమ్మకానికి వచ్చింది. రెండే సీట్లు, నేలకు జానెడెత్తు, ముందుభాగం చేప మూతిలా కోసుగా ఉంటుంది. దాన్ని కొనాలని టెంట్‌ హౌస్‌ హైమావతి ముచ్చటపడింది. అమ్మేవాళ్ళున్నారు, కొనే మనిషి ఉంది, మామూలు మనుషుల మధ్యయితే సాయంత్రానికల్లా తాళంచెవి చేతులు మారి, టీలు తాగి ఎవరి దారిన వాళ్ళు పోయేవారు. కాని ఇక్కడ అమ్మేది ప్రభుత్వం.

ఆ కారు ఒకప్పుడు ఊళ్ళో చీటీలు నడిపిన పెద్దమనిషిది. ఆయన చీటీలతో పాటు తానూ మాయమైపోతే పోలీసులు కారును తెచ్చి తాలూకాఫీసు ఆవరణలో పడేశారు. అక్కడ కాకులు దాని మీద తమ అభిప్రాయాలు వదులుతూ వచ్చాయి. బానెట్‌ కింద ఒక పిల్లి రెండు పురుళ్ళు పోసుకుంది. ఇన్నాళ్ళకు కోర్టు కన్ను తెరిచి, కారును ‘ఫెయిర్‌ ప్రైస్‌’కు అమ్మి, ఆ సొమ్ము జమచేయమని ఒక ముక్క రాసింది.

హైమావతికి యాభై ఎనిమిదేళ్ళు. మొగుడు పోయాక షామియానాల వ్యాపారం తానే నడిపి, లారీ తానే తోలి, కూతుర్ని డాక్టర్ని చేసింది. ఈ వయసులో రెండు సీట్ల కారెందుకని అడిగినవాళ్ళకి ఆవిడ ఒకటే చెప్పేది.

“ముప్పయ్యేళ్ళుగా బండి తోలుతున్నాను. వెనకాలెప్పుడూ గాజు గ్లాసులు, పింగాణీ పళ్ళేలు. నలభై దాటి పోయిందే లేదు. వెనకాల పగిలేదేదీ లేకుండా ఒక్కసారి తోలాలని ఉందండి. అంతే.”

ఊరికే ముచ్చటపడి ఊరుకునే మనిషి కాదావిడ. మెకానిక్‌ని వెంటబెట్టుకుని వచ్చింది. పిల్లిని బతిమాలి లేపి ఇంజను చూపించింది. కారు కింద దూరి తుప్పు ఎంతవరకు పట్టిందో గోటితో గీకి చూసింది. విశాఖపట్నంలో, బెజవాడలో అలాంటి పాత కార్లు ఎంతకు పోతున్నాయో నలుగురి దగ్గిరా వాకబు చేసి, టైర్లకూ వైరింగుకూ తగ్గించుకుని, ఆరున్నర లక్షలంది.

తహసీల్దారు తల ఊపాడు. “నా మటుకు నాకు సబబుగానే ఉందండి. కాకపోతే సబబైన ధర వేరు, ఫెయిర్‌ ప్రైస్‌ వేరు. ఫెయిర్‌ ప్రైస్‌ అనే మాట మా శాఖ పరిధిలోకి రాదు. అది ఏ శాఖదో కనుక్కుని ఫైలు అక్కడికి పంపుతాను.”

కనుక్కోవడం కష్టమేమీ కాలేదు. ఆఫీసు కిటికీలోంచి చూస్తే ఎదుటి సందులో బోర్డు కనబడుతూనే ఉంది: ‘ఫెయిర్‌ ప్రైస్‌ షాపు, నెం. 14’. ఫైలు పౌర సరఫరాల శాఖకు వెళ్ళింది.

*

పద్నాలుగో నంబరు రేషన్‌ డిపో తాతబ్బాయిది. ఒకనాటి పొద్దున గోదాము లారీ వచ్చి బియ్యం బస్తాలు దింపి, వాటి వెనకాలే పలకలు వేసి ఎర్ర కారును కిందికి జార్చింది. తాతబ్బాయి తలపాగా తీసి మళ్ళీ చుట్టుకున్నాడు.

“ఇదేటండి బాబూ?”

“ఈ నెల సరుకు,” అన్నాడు లారీతో వచ్చిన డిప్యూటీ తహసీల్దారు విశ్వపతి. సరఫరాలన్నీ ఆయన చేతిమీదుగానే నడుస్తాయి. ఆయన ఎప్పుడూ చదివి వినిపిస్తున్నట్టే మాట్లాడతాడు. “సదరు వాహనమును నీ దుకాణమునకు కేటాయించడమైనది. తూకం వేయించాం. పద్నాలుగు వందల పది కిలోలు. దింపుకుని సంతకం పెట్టు.”

“మా దగ్గిర బియ్యం, పంచదార, కందిపప్పేనండి. కారనేది లిస్టులో లేదండి.”

“చేర్చాం. కందిపప్పు కింద.”

కబురు తెలిసి హైమావతి చెక్కుబుక్కు పుచ్చుకుని వచ్చేసింది. విశ్వపతి కుర్చీ వేయించి మర్యాద చేశాడు. కూర్చున్నాక రూలు చెప్పాడు.

“డిపోలో ఏ సరుకైనా తెల్ల కార్డుదారులకే అమ్మాలండీ. మీకు కార్డుందా?”

“ఉండేదండి. లారీ ఉందని తీసేశారు కదా!”

“మరి మీరు అనర్హులు.”

“విశ్వపతి గారూ, తెల్లకార్డువాళ్ళు కారు ఎలా కొంటారండి? కొనగలిగినవాళ్ళకి కార్డెలా ఉంటుందండి?”

“అది విధాన నిర్ణయం. దాని మీద వ్యాఖ్యానించే స్థాయి నాది కాదు.” ఆయన గొంతు తగ్గించాడు. “వ్యక్తిగతంగా అడిగితే, మీ ప్రశ్న నాకు నచ్చింది.”

“మరి రేటెంత పెట్టారు?”

“ఫెయిర్‌ ప్రైస్‌ షాపులో రేటు ఒకటేనండి. కిలో రూపాయి.”

హైమావతి కారు వంక చూసింది. పద్నాలుగు వందల పది రూపాయలు! చేతిలో ఆరున్నర లక్షల చెక్కు ఉండి, పద్నాలుగు వందలకు వస్తువు కొనలేకపోవడం ఆవిడ జీవితంలో అదే మొదటిసారి.

*

ఒక్క కార్డుకే కారంతా ఇచ్చేస్తే పక్షపాతమవుతుంది. పైగా కోటా అన్నాక అందరికీ అందాలి. ఆ డిపో కింద నాలుగు వందల డెబ్బై కార్డులున్నాయి. విశ్వపతి భాగహారం చేశాడు. శేషం లేకుండా కార్డుకు మూడు కిలోలు వచ్చింది. ఇంత చక్కగా తెగిన లెక్క తన ఉద్యోగంలో ఎన్నడూ చూడలేదని ఆయన పొంగిపోయాడు.

ఒకటో తారీఖున క్యూ కట్టినవాళ్ళలో ముందున్నది ఇడ్లీల నూకరత్నం. వేలిముద్ర మిషన్‌ మీద బొటనవేలు పెట్టగానే అది బియ్యం, పంచదార చెప్పి, “కారు, మూడు కిలోలు” అని కూడా పలికింది.

“మూడు కిలోలేటి?” అంది నూకరత్నం. “ఏ ముక్కిత్తారేటి? పోనీ పక్కనున్న అద్దం ఇప్పించండి, బొట్టు పెట్టుకోడానికి పనికొత్తాది.”

“భౌతికంగా విడదీయరాదు,” అన్నాడు విశ్వపతి. “మీకు సంక్రమించేది యాజమాన్యం. సరుకు మాత్రం భద్రత నిమిత్తం దుకాణంలోనే ఉంటుంది. సంచి తెచ్చుకున్నారా?”

“కారొద్దంటే?”

“వద్దంటే బిల్లు పూర్తికాదమ్మా. బిల్లు పూర్తికాకపోతే బియ్యం రాదు.”

నూకరత్నం మూడు రూపాయలు ఇచ్చి మూడు కిలోల కారు కొంది. ఆవిడ వెనకాల రిక్షా తొక్కేవాళ్ళు, వలలు అల్లేవాళ్ళు, కర్ర లేకుండా నడవలేని ముసలమ్మలు అందరూ కొన్నారు. ఆ వారమంతా ఆ వీధిలో మహా సరదా అయిపోయింది. “నా కారు మీద నీ కోడెక్కిందే” అని ఒకావిడ, “ఎక్కింది నా వాటా మీదలే” అని ఇంకొకావిడ. హైమావతి కూడా వాళ్ళతో పాటు నవ్వింది. నవ్వుతూనే, కారు డిక్కీలో బియ్యం బస్తాలు కుక్కుతున్న తాతబ్బాయిని చూసి లోలోపల ఉడుక్కుంది.

మరుసటి నెల ఎవరికీ నవ్వు రాలేదు.

నూకరత్నం వేలు పెట్టగానే మిషన్‌ బియ్యం పేరెత్తలేదు. “నాలుగు చక్రాల వాహనదారులు. కార్డు రద్దయినది,” అంది. తరవాత మనిషికీ అదే చెప్పింది. మధ్యాహ్నానికి నాలుగు వందల డెబ్బై కార్డులూ పోయాయి. అందరూ కలిసి విశ్వపతి ఆఫీసుకు వెళ్ళారు. హైమావతీ వెళ్ళింది.

“కారున్నవారికి రేషన్‌ లేదు. ఇది అందరికీ తెలిసిన నిబంధన,” అన్నాడు విశ్వపతి.

“మాకుంది మూడు కిలోలే కదయ్యా!” అంది నూకరత్నం.

“నిబంధనలో నాలుగు చక్రాల వాహనం అని ఉంది. ఎన్ని కిలోలు అని లేదు.”

“అయితే మా కారు మీరే ఎనక్కి పుచ్చుకోండి.”

“వాపసు సౌకర్యం కార్డుదారులకు మాత్రమే ఉంది. మీకు కార్డు లేదు.”

హైమావతి ముందుకొచ్చింది. “నాకు అమ్మెయ్యమనండి. నేను కొంటాను. వాళ్ళకి కారుండదు, కార్డొస్తుంది.”

విశ్వపతి మొహం తెల్లబోయింది. “రేషన్‌ సరుకు బయటివారికి అమ్మడమా! అమ్మినవారి మీదా కొన్నవారి మీదా కేసు. ఈ మాట నేను వినలేదు, మీరు అనలేదు.”

అందరూ బయటికి వచ్చారు. నూకరత్నమే ఆగి హైమావతి వైపు తిరిగింది. కోపంగా లేదు, అదే కష్టంగా ఉంది.

“నీ ముచ్చట మా కంచం మీదకొచ్చిందక్కా,” అంది.

*

ఆ మాట హైమావతిని భోంచెయ్యనివ్వలేదు. తనదేం తప్పు లేదని ఆవిడకు తెలుసు. తాను రాకపోయినా కారు డిపోకే వచ్చేది. కాని కంచం ముందు కూర్చుంటే మెతుకులన్నీ అవతలి వీధివాళ్ళవే అన్నట్టు కనబడ్డాయి. సాయంత్రం తన గోడౌన్‌ ముందు షామియానా వేయించి, ఇంటికొకరు రమ్మని కబురు పెట్టింది.

“నేను దానం చెయ్యడానికి పిలవలేదు,” అంది అందరూ కూర్చున్నాక. “బేరానికి పిలిచాను. ఆ కారు ఇప్పుడు ఆఫీసుది కాదు, మీది. మీ దగ్గిర కొంటాను. డబ్బిస్తే కేసంటున్నారు కాబట్టి, మీ కార్డులు మళ్ళీ వచ్చేదాకా నెలనెలా మీ బియ్యం నేను పోస్తాను.”

“ఏ బియ్యం?” వెంటనే అడిగింది నూకరత్నం. “డిపో బియ్యం లాంటివా?”

“మిల్లు బియ్యం.”

“సన్నాలేనా?”

“మధ్యరకం.”

“కారేమో సన్నంగా ఉండాలి గాని, బియ్యం మాత్రం మజ్జిరకమా! సన్నాలియ్యి.”

“సన్నాలంటే నేను కారు కాదు, సైకిల్‌ కొనుక్కోవాలి నూకరత్నం. మధ్యరకం, పైన కందిపప్పు.”

నూకరత్నం వెనక్కి తిరిగి జనాన్ని చూసింది. ముసలివాళ్ళు తల ఊపారు. “ఇంకోటి,” అంది. “మా సందులో పెళ్ళైతే షామియానా ఊరకనే.”

“ఒక ఏడాది.”

“రెండు.”

“సరే, గ్లాసులు పగిలితే మీరే కట్టాలి.”

అక్కడితో బేరం కుదిరింది. కాగితం లేదు, సంతకం లేదు, టీ ఉంది. మర్నాడు మిల్లు నుంచి మొదటి లోడు వచ్చింది. కారు కోసం దాచిన డబ్బులోంచి ఆవిడ మిల్లువాడికి కడుతుంటే, ఆ డబ్బు ఎన్నాళ్ళుగానో వెళ్ళాలనుకున్న చోటికే వెళుతున్నట్టు అనిపించి మనసు తేలికపడింది. అయితే వస్తువు ఇంకా డిపోలోనే ఉంది. కార్డులూ రాలేదు. ఎన్ని నెలలు పొయ్యాలో దేవుడికే తెలియాలి.

*

ఈ లోపల రాష్ట్ర కార్యాలయంలో ఎవరో ఒక అంకె చూశారు. రేవుకొండ పద్నాలుగో డిపో: పేద కుటుంబాలు, సున్న. కారున్న కుటుంబాలు, నూటికి నూరు. ఒక్క నెలలో ఇంత అభివృద్ధి దేశంలో ఎక్కడా జరగలేదని వాళ్ళు నిర్ధారించుకున్నారు. ‘సంపన్న వీధి’ అని బిరుదు ఇచ్చి, విశ్వపతికి శాలువా కప్పడానికి కమిషనరు గారే స్వయంగా వస్తున్నట్టు కబురు చేశారు.

సభకు షామియానా హైమావతిదే. ఊళ్ళో ఇంకో టెంట్‌ హౌస్‌ లేదు. విశ్వపతి చెమటలు కక్కుతూ ఆవిడ దగ్గిరకు వచ్చాడు.

“కమిషనరు గారు కారు చూడాలన్నారు. నిలబెట్టిన కారు కాదు, నడుస్తున్న కారు. దాని యజమానుల్లో ఒక్కరికీ డ్రైవింగు రాదు. మీరు దయచేసి...”

“నేను అనర్హురాలిని కదండీ?”

“కొనడానికి అనర్హులు. తోలడం గురించి నిబంధన మౌనంగా ఉంది.”

హైమావతి కొత్త బ్యాటరీ వేయించింది, టైర్లు మార్పించింది, ట్యాంకు నిండా పెట్రోలు పోయించింది. “వేదిక దాకా రావడానికి ట్యాంకు నిండా ఎందుకండీ?” అన్నాడు తాతబ్బాయి. “సభ అన్నాక లోటు రాకూడదు,” అంది. షామియానా కట్టించేటప్పుడు సముద్రం రోడ్డు వైపు మాత్రం గుడ్డ కట్టొద్దని మనుషులకు చెప్పింది.

సభ రోజున నాలుగు వందల డెబ్బై మంది కారు యజమానులూ చెప్పులు బయట విడిచి నేల మీద కూర్చున్నారు. కమిషనరు ఉపన్యసించాడు. “ఒకప్పుడు ఈ సోదరీమణులు బియ్యం కోసం బారులు తీరేవారు. నేడు ఈ వీధిలో ఒక్కరు కూడా బియ్యం తీసుకోవడం లేదని తెలియజేయడానికి గర్విస్తున్నాను!” వేదిక మీద ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు.

అప్పుడు కారు వచ్చింది. కడిగి తుడిచాక అది మందారంలా ఉంది. హైమావతి జరీ అంచు చీర కొంగు నడుముకు దోపి, వేదిక ముందు మెల్లిగా ఆపింది. విశ్వపతి పూలదండ తీసుకుని మెట్లు దిగాడు. ఆవిడ నూకరత్నం వంక చూసింది. నూకరత్నం గడ్డం కాస్త ఎత్తి సముద్రం రోడ్డు చూపించింది.

హైమావతి యాక్సిలరేటర్‌ తొక్కింది.

కారు షామియానాకు గుడ్డ కట్టని వైపు నుంచి బయటపడి సముద్రం రోడ్డెక్కింది. నలభై దాటింది. ఎనభై దాటింది. ఆవిడ అలవాటు కొద్దీ ఒకసారి చెవి వెనక్కి వేసి, గలగలమనే చప్పుడు కోసం విన్నది. ఏమీ లేదు. గాలి ఒక్కటే ఉంది. సరుగుడు తోటలు రెండువైపులా ఒక్కటే ఆకుపచ్చ గీతైపోయాయి. “ఓరి నాయనోయ్‌!” అని గట్టిగా అరిచింది. భయంతో కాదు. అలా అరవాలని ఎన్నేళ్ళుగానో ఉంది.

ఇక్కడ సభలో అంతా లేచి చప్పట్లు కొట్టారు. కార్యక్రమంలో అదొక అంశమనుకున్నారు. కమిషనరు గారి బండి వెళ్ళిపోయే దాకా విశ్వపతి దండ పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

*

కారు తిరిగి రాలేదు. హైమావతి మాత్రం ఆటోలో తిరిగొచ్చి షామియానా విప్పించుకుంది.

“కారేదండీ?” అన్నాడు విశ్వపతి.

“యజమానుల్ని అడగండి.”

దొంగతనం ఫిర్యాదు యజమానులే ఇవ్వాలి. విశ్వపతి ఇల్లిల్లూ తిరిగాడు. “మా మూడు కిలోలు పోలేదండి, ఎక్కడుండాలో అక్కడే ఉంది,” అన్నారు ప్రతి ఇంట్లోనూ. చివరికి ఆయన డిపో అరుగు మీద కూలబడ్డాడు. సరుకు దుకాణం భద్రతలో ఉన్నట్టు రాసిందీ, సంతకం పెట్టిందీ ఆయనే. నెలాఖరు తనిఖీ దగ్గిరపడింది.

“పద్నాలుగు వందల కిలోల లోటు చూపించాలయ్యా తాతబ్బాయీ. నా ఉద్యోగం పోతుంది.”

తాతబ్బాయి ఆశ్చర్యపోయాడు. “లోటుకెందుకండి బెంగ? ప్రతి నెలా చూపిత్తూనే ఉన్నాం కదండి!” అంటూ మిషన్‌ తెచ్చి ఆయన ముందు పెట్టాడు. తరుగుకు మిషన్‌ ఒప్పుకునే కారణాలు మూడే: తేమ ఆరుట, చిందుట, ఎలుకలు తినుట.

విశ్వపతి చాలాసేపు ఆలోచించాడు. ఎంత ఎండకాసినా కారు ఆరి ఆవిరైపోదు. చిందితే ఊడ్చిన ఆనవాళ్ళుండాలి. ఆయన కళ్ళు మూసుకుని మూడోది నొక్కాడు. తరవాత కళ్ళు తెరిచి పంచనామా రాశాడు: ‘సదరు వాహనమును మూషికములు టైర్లతో సహా భక్షించినవి. లబ్ధిదారులకు సరుకు భౌతికంగా అందకమునుపే నష్టం వాటిల్లినందున, వారు వాహనదారులు కారని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది.’

మిషన్‌ కిక్కురుమనకుండా తీసుకుంది. ఒక్క పూటలో ఎలుకలు నాలుగు వందల డెబ్బై కుటుంబాలను పేదరికంలోకి నెట్టేశాయి. మరుసటి నెల ఒకటో తారీఖున నూకరత్నం వేలు పెట్టగానే బియ్యం వచ్చాయి. రాష్ట్ర కార్యాలయం నుంచి మందలింపు కూడా వచ్చింది: ఇకమీదట డిపోలలో కార్లను నేలకు తగలకుండా చెక్కబల్లల మీద పేర్చాలట, వారానికొకసారి ఎలుకల మందు చల్లాలట. విశ్వపతి రెండూ అమలుచేశాడు. పద్నాలుగో డిపోలో ఇప్పటికీ ఒక పెద్ద చెక్కబల్ల, కారు వస్తే పెట్టడానికి, ఖాళీగా ఉంది.

కార్డులు వచ్చేశాయి కాబట్టి బేరం ప్రకారం హైమావతి చేతులు దులుపుకోవచ్చు. కాని ఆ నెల లోడు అప్పటికే మిల్లు నుంచి బయల్దేరింది. “రానీ. కారు బాగా నడుస్తోంది,” అని అదీ పంచేసింది. అందరి లెక్కా కలిపి చూస్తే ఆ కారు ఆవిడకు చవగ్గా వచ్చిందో, ఖరీదు పడిందో ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు. నూకరత్నం మాత్రం, ఊళ్ళో ఎవరు అడిగినా, మోసపోయింది మేమూ కాదు, ఆవిడా కాదు అనేది.

మొన్న ఆదివారం సముద్రం రోడ్డు మీద కొత్తగా వచ్చిన ఎస్సై హైమావతి కారు ఆపాడు. పక్క సీట్లో నూకరత్నం ఇడ్లీ గిన్నె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

“నూట పది మీద వస్తున్నారు మేడమ్‌. జరిమానా పడుద్ది,” అంటూ ఎస్సై కారు నంబరు తన మిషన్‌లో కొట్టాడు. చూశాడు. మళ్ళీ కొట్టాడు. “ఈ వాహనం లేదంటోందేంటండీ?”

“లేదండి,” అంది హైమావతి. “ఎలుకలు తినేశాయి. పంచనామా ఉంది, చూస్తారా?”

ఎస్సై పంచనామా చదివాడు, ముద్ర చూశాడు, కారు చుట్టూ ఒకసారి తిరిగి టైరును బూటుతో తన్నాడు. లేని వాహనం మీద అతివేగం కేసు రాయడానికి మిషన్‌ ఒప్పుకోదు. అలాగని వదిలేస్తే కర్తవ్యలోపం. ఆయన మిషన్‌లో కింది దాకా వెతికి, పనికొచ్చే సెక్షన్‌ ఒకటి పట్టుకున్నాడు.

“పాదచారులు రోడ్డు మధ్యలో నడవడం నేరం మేడమ్‌. మనిషికి యాభై.”

హైమావతి వంద ఇచ్చి రసీదు తీసుకుంది.

“ఇక నడవండి,” అన్నాడు ఎస్సై, పక్కకు తప్పుకుని.

ఆవిడ గేరు వేసింది. ఇద్దరూ నడిచి వెళ్ళిపోయారు. వాళ్ళు నడిచిన దుమ్ము అణగడానికి చాలాసేపు పట్టింది.